కొట్టినవి పద్నాలుగు

ఏప్రిల్ 12, 1988, మంగళవారం

పదకొండు ఊళ్ళ పేర్లు పోయాయి.

ఇప్పుడు సాయంత్రం ఆరు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. రేపు నన్ను అడుగుతారు.

పొద్దున పదింటికి చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలో కూర్చున్నాను. బోర్లు వెయ్యాల్సిన ఊళ్ళ జాబితా సరిచూసే పని. జిల్లా మొత్తానికి నూట డెబ్భై ఆరు ఊళ్ళు. కంప్యూటర్ ఉండేది హైదరాబాదులో. మా గదిలో ఉన్నవి ఒక స్క్రీను, ఒక కీబోర్డు, ఒక టెలిఫోన్ లైను, అంతే. ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే స్క్రీన్ మీదికి వస్తాయి. మన దగ్గరి కాగితంలో ఉన్నట్టే ఉంటే 'వై' కీ కొట్టాలి. తర్వాతి ఊరు వస్తుంది. అన్నీ అయ్యాక కంప్యూటర్ తనంతట తానే రెండో పనిలోకి పోతుంది. మళ్ళీ మొదటి ఊరి నుంచి మొదలుపెట్టి 'ఈ పేరు తీసేయాలా?' అని అడుగుతుంది. బోరు పడిన ఊరైతే 'వై', పడని ఊరైతే 'ఎన్'.

మొదటి పని నాకు చాలా తేలిక. కళ్ళు కాగితం మీద, వేలు కీ మీద. స్క్రీన్ వైపు చూడను. ఇరవై ఏళ్ళ అలవాటు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరుగా ఉన్నప్పుడు పిల్లలకు నేను చెప్పిన మొదటి మాట అదే. చూసి కొట్టేది కొట్టడం కాదు.

ఇంకా మూడు ఊళ్ళు మిగిలి ఉండగా స్క్రీన్ నిలిచిపోయింది. ఆ వేళకు అది మామూలే. అన్ని జిల్లాలవాళ్ళూ ఒక్కసారే కూర్చుంటారు. హైదరాబాదు కంప్యూటర్‌కు తీరిక దొరికేదాకా మన స్క్రీన్ బండరాయి మాదిరి ఉంటుంది. రెండు మూడు సార్లు కొట్టి చూశాను. కదల్లేదు. ఇంతలో ఆఫీసరు సుబ్రమణ్యం గారు పిలుస్తున్నారని ప్యూను వచ్చి చెప్పాడు. పక్కన కూర్చుని ఉన్న ఉమ్మే సల్మాతో 'చూస్తా ఉండు' అని చెప్పి లేచాను. పదకొండూ నలభై.

పన్నెండుకు తిరిగి వచ్చేసరికి సల్మా కుర్చీలో లేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ దుప్పట్టా కింద దాచుకుని నిలబడి ఉంది.

"సార్, అదే కొట్టుకుంటా పోయింది. నేను తాకలేదు సార్."

"అదే కొట్టుకునేదేంది?"

"వై, వై, వై అని పడతానే ఉన్నింది సార్. ఆపేదానికి యాడ నొక్కాల్నో నాకు తెల్దు."

స్క్రీన్ మీద పన్నెండో ఊరి పేరు ఉంది. దాని కింద 'ఈ పేరు తీసేయాలా?' అని ఉంది. ముందున్న పదకొండూ తీసేసి ఉన్నాయి. వరసగా, ఒక్కటి కూడా వదలకుండా. వాటిలో ఏ ఒక్క ఊరికీ బోరు పడలేదు.

ఆ పదకొండులో రెండోది ఆవులమిట్ట. మా ఊరు.

సల్మా ఇరవై రెండేళ్ళ పిల్ల. పనిలో చేరి ఆరు నెలలు, అదీ తాత్కాలికం. ఇన్‌స్టిట్యూట్‌లో నా దగ్గరే నేర్చుకుంది. కొట్టిన ప్రతి అక్షరాన్నీ తలెత్తి చూస్తుంది కాబట్టి వేగం చాలక టైపు హయ్యరు పరీక్ష రెండుసార్లు తప్పింది. భయపడి ఏదో కొట్టి ఉంటుంది. పిల్ల కదా.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటుంటే నా భార్య పంకజాక్షి అడిగింది: "ఏమయ్యా, అన్నం కలపకుండా తట్ట మింద ఏం కొడతా ఉండావు?"

చూసుకున్నాను. కుడిచేతి చూపుడువేలు, కంచం అంచు మీద.

ఏప్రిల్ 13, బుధవారం

సంజాయిషీ రాసి ఇచ్చాను. "నేను లేచే సమయానికి స్క్రీన్ నిలిచి ఉంది. ఒకసారి కొట్టి చూసి, ఫలితం లేనందున సీటు అప్పగించి వెళ్ళాను."

ఒకసారి అని రాశాను. రెండు మూడు అని రాసినా తేడా లేదు. పని చెయ్యని కీ ఎన్నిసార్లు కొడితే ఏం?

ఏప్రిల్ 15, శుక్రవారం

ఈ రోజు సల్మాను విచారించారు. సుబ్రమణ్యం గారి గదిలో నేనూ, సూపరింటెండెంటు వెంకటరమణా ఉన్నాం.

మా గదిలో ఒక రిజిస్టరు ఉంది. సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళు టైము వేసి సంతకం పెట్టాలి. పదకొండూ నలభై ఒకటికి సల్మా సంతకం ఉంది. నేను లేచిన వెంటనే, ఎవరూ చెప్పకుండానే, రూలు ప్రకారం పెట్టింది. పేర్లు పోయింది పదకొండూ యాభై రెండుకు అని హైదరాబాదు నుంచి ఫోన్‌లో చెప్పారు. పదకొండు పేర్లూ ఒకే నిమిషంలో పోయాయట.

సుబ్రమణ్యం గారు నెమ్మదిగానే అడిగారు. "చూడమ్మా, పదకొండూ యాభై రెండుకు కుర్చీలో ఉన్నింది నువ్వు. కీబోర్డు నీ ముందర. నువ్వు కాకపోతే ఎవరు?"

"ఎవరూ కాదు సార్. అదే."

వెంకటరమణ ఊరుకోడు కదా. "దయ్యం కూడా టైపు నేర్చుకున్నిందా యేందమ్మా? లోయరు పాసయిందా, హయ్యరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సల్మా నా వైపు చూసింది.

"మా సార్‌ను అడగండి. మా సార్‌కు తెలుసు, నేను చూడకుండా కొట్టను."

నన్ను అడిగారు. స్క్రీన్ నిలిచి ఉండగా లేచాను, ఆ తర్వాత సంగతి నాకు తెలియదు అని చెప్పాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

బయటికి వచ్చాక వెంకటరమణ నా భుజం తట్టాడు. "ఎవరో ఆ పక్క పార్టీవాళ్ళు చెప్పి తీయించినారప్పా. లేకుంటే వరసగా పదకొండు ఊర్లు పోతాయా?"

వరసగా కాబట్టే అలా కాదేమో అనిపించింది. చెప్పి తీయించేవాళ్ళు ఏరి తీయిస్తారు. అనలేదు.

సుబ్రమణ్యం గారు చెప్పిన రూలు ఇది. మనిషి చేత్తో తీసిన పేరు తీసినట్టే. మళ్ళీ చేర్చాలంటే మండలం నుంచి కొత్త రిపోర్టు రావాలి, దానికి రెండు నెలలు. మిషన్ తప్పని తేలితే మాత్రం హైదరాబాదువాళ్ళు పాత టేపు ఎక్కిస్తారు, ఒక్క పూటలో పేర్లన్నీ తిరిగి వస్తాయి. రెండు నెలలు ఎవరూ ఆగలేరు. బోరు బండి మే ఏడో తేదీకి ఈ జిల్లా దాటిపోతుంది.

ఏప్రిల్ 17, ఆదివారం

ఆవులమిట్ట నుంచి చిన్నబ్బ మామ వచ్చాడు. మా నాయనకు దోస్తు. ఎండలో మైలు నడిచి రోడ్డు మీద బంగారుపాళ్యం బస్సెక్కాడట.

"ఏమప్పా ధనంజయా, మన ఊరు లిస్టులో లేదంటాండారే, నిజమేనా?"

"ఏదో పొరపాటు జరిగింది మామా. సరిచేస్తాండారు."

"సరిచేసేదానికి నువ్వు ఆడనే గదా ఉండేది. మనోడు కంప్యూటర్ కాడ ఉండాడు, మనకేం బాధ లేదు అని నేను ఊరంతా చెప్పుకోనుండా."

పంకజాక్షి మంచినీళ్ళు ఇచ్చింది. చెంబెడూ ఒక్క గుక్కలో తాగి, చెంబు అడుగు చూశాడు.

"మునిరామయ్య బాయిలో ఇంగ బురదే అమ్మా. ఆడోళ్ళు గుడ్డేసి వడగడతాండారు. మొన్న కుప్పమ్మ బాయిలోకి దిగతా జారి పడింది. కాలు ఇరిగింది. బండి వస్తాది, బండి వస్తాది అని చెప్పి చెప్పి నా నోరు పోయింది."

కుప్పమ్మ ఊళ్ళో మా పక్కింటావిడ.

బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి "నువ్వుండావు గదప్పా" అన్నాడు.

ఏప్రిల్ 18, సోమవారం

సల్మా రాలేదు. విచారణ తేలేదాకా రావద్దన్నారు. ఆమె స్టూలు గది మూలన ఉంది.

ఏప్రిల్ 20, బుధవారం

సాయంత్రం జిలాన్ వచ్చాడు. సల్మా నాయన. బజారువీధిలో టైపు మిషన్లు బాగుచేస్తాడు. ఇన్‌స్టిట్యూట్‌లోని ఎనిమిది మిషన్లనూ పదిహేనేళ్ళు బతికించింది అతనే. అప్పటి నుంచి నన్ను మాస్టర్ అనే పిలుస్తాడు.

పంకజాక్షి కాఫీ తెచ్చింది. "ఒక్కపొద్దమ్మా" అన్నాడు. రంజాన్ మొదలైన సంగతి మాకు గుర్తు లేదు.

బిడ్డను కాపాడమని అడగడానికి వచ్చాడనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అతను అది అడగలేదు.

"మాస్టర్, ఆ పెద్ద మిషన్ సంగతి నాకు తెల్దు. నాకు తెలిసింది టైపు మిషన్. కీ కొడితే కడ్డీ లేచి కాయితం మింద పడాల. పడలేదంటే మధ్యలో యాడో తగులుకోనుంటాది. లేకుండా పోయేది అనేది లేదు. నేను మూత తీసి చూస్తే అది ఆడే ఉంటాది."

"అయితే?"

"మీరు లేచేముందర కొట్టినారంట గదా. స్క్రీన్ మింద పడలేదంట గదా. అవి యాడుండాయి?"

"అది టైపు మిషన్ కాదు జిలాన్. కరెంటు. కనపడకపోతే పోయినట్టే."

"పోయేది యాడికి మాస్టర్?"

నాకు కోపం వచ్చింది. మూడు రోజులు హైదరాబాదులో ట్రైనింగ్ అయి వచ్చినవాణ్ణి నేను. మనం కొట్టిన అక్షరం ముందు హైదరాబాదు పోతుంది, అక్కడి కంప్యూటర్ దాన్ని తీసుకుని తిరిగి పంపితేనే మన స్క్రీన్ మీద కనబడుతుంది అని వివరించాను. అది తీసుకోలేదు కాబట్టి కనబడలేదు. అంతే.

జిలాన్ తల ఊపాడు. "తీసుకోలేదు. సరే. పోయి ఆడ వాకిట్లో నిలబడి ఉంటే?"

నేను చల్లారిన కాఫీ తాగేశాను.

"పాప చెప్పింది, సార్ చానాసార్లు కొట్టినారు అని."

"రెండు మూడుసార్లు."

జిలాన్ లేచాడు. గడపలో చెప్పులు వేసుకుంటూ నా చేతివైపు చూశాడు. నా వేలు కుర్చీ చేతిమీద కొడుతూ ఉంది.

ఏప్రిల్ 21, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

పదకొండున్నరకు మళ్ళీ స్క్రీన్ నిలిచిపోయింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. కొత్త ఊరి పేరు చేర్చే ఖాళీ గడి తెరిచి ఉంది. జిలాన్ మాట తప్పని తేల్చుకుందామనే చేశాను. నా పేరు కొట్టాను. ధనంజయ, ఇంగ్లీషులో పది అక్షరాలు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. చూశావా అనుకున్నాను. లేచి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు. అయిదారు నిమిషాలు ఉంటుంది.

స్క్రీన్ కదిలింది. నా పేరు పడింది. ఒక్కొక్క అక్షరమే, గబగబా, పదీ. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. నా చేతులు జేబుల్లో ఉన్నాయి.

కిటికీ కమ్మీ పట్టుకున్నాను.

మళ్ళీ చేశాను. చెప్పాపెట్టకుండా అదే జరుగుతుందేమో, వేరే కారణం ఉందేమో అని. ఈసారి ఒకటి, రెండు, మూడు అంకెలు. అవే వచ్చాయి, అదే వరసలో. కొట్టినవేవీ పోవు. కంప్యూటర్ పని ముగించుకునేదాకా అక్కడే వరసలో నిలబడి ఉంటాయి. తర్వాత అది ఏ ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నకు జవాబుగా పోతాయి. నేను ఏ ప్రశ్నకని కొట్టానో దానికి తెలియదు.

అది అడిగేది 'సరిగ్గా ఉందా' అయినా, 'తీసేయాలా' అయినా, 'వై' 'వై'యే.

పేరు తుడిచేశాను. తుడిచానో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

ఏప్రిల్ 22, శుక్రవారం

సెలవు. తలనొప్పి అని రాసి పంపాను.

ఏప్రిల్ 23, శనివారం

ఈ రోజు కూడా.

రెండు మూడు సార్లు కొడితే పోయేది రెండు మూడు ఊళ్ళు. పదకొండు పోయాయి. కాబట్టి మిగతావి సల్మానే కొట్టి ఉండాలి. ఇది సరైన లెక్కే.

ఏప్రిల్ 24, ఆదివారం

ఇంట్లో ఉండబట్టక బంగారుపాళ్యం బస్సెక్కాను. ఆవులమిట్టకు పోదామనే బయల్దేరాను. దారిలో ఒక మామిడితోపు పక్కన బోరు బండి కనబడితే దిగిపోయాను.

డ్రైవరు కుప్పయ్య తెలిసినవాడే. గొట్టాలు బండికెక్కించి తాళ్ళు కడుతున్నాడు. చొక్కా అంతా తెల్లటి రాతిపొడి.

"ఈ పక్కన పని అయిపాయ సార్. రేప్పొద్దున కార్వేటినగరం పక్కకు పోతాండాం. ఆడ్నుంచి అట్లనే జిల్లా దాటేస్తాం."

"ఆవులమిట్ట?"

"ఆడోళ్ళు బిందెలు తీసుకోని వచ్చి బండి ముందర కూచున్నారు సార్ మొన్న. ఒక దినమంతా లెయ్యలే. లిస్టులో లేకుంటే నేనేం చేసేది, మీరే చెప్పండి? ఈడికి మైలు కూడా లేదు. పోయి ఒక పూటలో వేసి రాగలను. కాయితం ఉంటే."

కాగితం ఉంటే.

తోపు అవతల మా ఊరి గుట్ట కనబడుతోంది. నేను అటు పోలేదు. తిరుగు బస్సుకు గంటసేపు రోడ్డు మీద నిలబడ్డాను.

కుప్పయ్యతో ఈ రోజుకు ఆగు అని చెప్పి ఉండాల్సింది. ఏ అధికారంతో చెప్పేది?

ఏప్రిల్ 25, సోమవారం

హైదరాబాదు నుంచి ప్రింటు వచ్చింది. కవరు విప్పింది నేనే.

పన్నెండో తేదీ పదకొండూ యాభై రెండు. 'సరిగ్గా ఉందా' అన్న ప్రశ్నకు మూడు 'వై'లు. దానితో మొదటి పని అయిపోయింది. ఆ వెంటనే, మధ్యలో ఒక్క లిప్త కూడా ఖాళీ లేకుండా, 'తీసేయాలా' అన్న ప్రశ్నకు పదకొండు 'వై'లు. అన్నీ ఒక్క పోతలో. ఊరి పేరు స్క్రీన్ మీద నిలిచే టైము కూడా లేదు.

తలెత్తి చూడకుండా ఒక్క అక్షరం కొట్టని పిల్ల.

బల్లమీద వేలు పెట్టి, ఆ రోజు కొట్టినట్టే కొట్టి చూశాను. ఇరుక్కున్న కీని ఎలా కొడతామో అలా. టకటకటక, ఒక్క ఊపు. ఆగి, ఇంకొక్క ఊపు. ప్యూను పిలిచేటప్పుడు ఇంకొక్కటి. రెండు మూడు సార్లు అని నేను అనుకున్నది ఆ ఊపుల్ని.

సుబ్రమణ్యం గారు ప్రింటు చూశారు. పదకొండు వరసలు లెక్కపెట్టి పక్కన పెట్టారు. పైన ఉన్న మూడూ ఆయన చూడలేదు. సల్మా బుధవారం వచ్చి, 'పొరపాటున నేనే కొట్టాను' అని రాసి సంతకం పెడితే పనిలోంచి తీసేసి వదిలేస్తారట. పెట్టకపోతే పోలీసు రిపోర్టు. జిలాన్‌కు కబురు పంపారు. పెడుతుందని తిరుగు కబురు వచ్చింది.

బోరు బండి పొద్దున్నే కార్వేటినగరం పోయింది.

ఏప్రిల్ 26, మంగళవారం

పద్నాలుగు.

ఏప్రిల్ 27, బుధవారం

సల్మా పదింటికే వచ్చింది. జిలాన్ వరండాలో ఉన్నాడు. సుబ్రమణ్యం గారికి మీటింగు ఉండి పదకొండుకు గాని పిలవలేదు. కాగితం ముందే టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే బాకీ. ఆ టైపు నాది కాదు, వెంకటరమణ చేశాడు. మొదటి వరసలోనే రెండు తప్పులు.

ఆమె పెన్ను మూత తీసింది.

"సార్, ఒక్క అరగంట ఆగాల. మీరు కంప్యూటర్ గదిలోకి రావాల" అన్నాను.

సుబ్రమణ్యం గారు ఏమనుకున్నారో, లేచి వచ్చారు. వెంకటరమణా వచ్చాడు. సల్మా కూడా, పెన్ను చేతిలోనే ఉంది. అందరూ చెప్పులు విడిచారు.

కొత్త పేరు చేర్చే ఖాళీ గడి తెరిచి పెట్టి, స్క్రీన్ ఎప్పుడు నిలుస్తుందా అని కాచుకున్నాం. పదకొండున్నర దాటింది. పనికిమాలినది, ఈ రోజే చక్కగా నడుస్తోంది. వెంకటరమణ గడియారం చూసుకుని "ఏమప్పా, మూర్తం దాటతాండాదే" అన్నాడు. పదకొండూ ముప్పై ఎనిమిదికి నిలిచింది.

"ఒక అంకె చెప్పండి సార్."

"అయిదు."

'వై' కీ అయిదుసార్లు కొట్టాను. అందరూ చూస్తుండగా. స్క్రీన్ మీద ఏమీ లేదు. లేచాను. గది దాటి బయటికి వెళ్ళి, చెప్పులు వేసుకుని, గడప అవతల నిలబడ్డాను.

"ఇప్పుడు సీటు ఖాళీ సార్. ఎవరూ తాకొద్దండి. స్క్రీన్ చూస్తా ఉండండి."

నాలుగు నిమిషాలు గడిచాయి. ఏసీ చప్పుడు ఒక్కటే.

నాకు స్క్రీన్ కనబడదు. సుబ్రమణ్యం గారి ముఖం కనబడుతోంది. అది మారిపోవడం చూశాను. ఆయన పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

వెంకటరమణ ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ రోజు సల్మా ఆనుకున్న గోడకే ఆనుకున్నాడు.

"పన్నెండో తేదీ నేను కొట్టింది పద్నాలుగు సార్. ప్రింటులో మూడు, పదకొండు కలిపి చూడండి. ఈ అమ్మాయి ఒక్కటి కూడా కొట్టలేదు. నేను ఇచ్చిన సంజాయిషీ తప్పు."

ఆయన అడిగారు. "ఇది నువ్వు ఎప్పుడు కనిపెట్టినావు ధనంజయా?"

"గురువారం సార్."

"ఈ రోజు బుధవారం."

"అవును సార్."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

సల్మా పెన్నుకు మూత పెట్టి, నన్ను దాటుకుని వరండాలోకి వెళ్ళింది. నాయనతో ఉర్దూలో రెండు మాటలు చెప్పింది. జిలాన్ నావైపు తిరిగి, "నిలబడే ఉన్నాయా మాస్టర్?" అన్నాడు. ఎగతాళి కాదు. పాడైన భాగం దొరికిందా అని అడిగినట్టు అడిగాడు.

"ఉన్నాయి" అన్నాను.

ఏప్రిల్ 28, గురువారం

హైదరాబాదువాళ్ళు ఫోన్‌లో పావుగంట మాట్లాడారు. అది వాళ్ళకు తెలిసిన సంగతే. ముందే కొట్టిన కీలు వరసలో నిలబడేలా చేసింది వేగంగా కొట్టేవాళ్ళ సౌకర్యం కోసమేనట. మీకు చెప్పలేదా అని అడిగారు.

అయినా మిషన్ తప్పు కిందే రాసుకుని పాత టేపు ఎక్కించారు. సాయంత్రానికి పదకొండు పేర్లూ జాబితాలోకి వచ్చాయి. నేను చూడలేదు. నన్ను తపాలా సెక్షన్‌కు మార్చారు. చెక్క బల్ల, పాత టైపు మిషన్, కిటికీ లేదు.

పంకజాక్షికి అంతా చెప్పాను. "ఆరు దినాలు కడుపులో పెట్టుకోని అన్నం ఎట్ల తిన్నావయ్యా?" అంది. తిన్నాను. రోజూ తిన్నాను.

మే 2, సోమవారం

సల్మా పనిలోకి వచ్చింది. సీటు ఇప్పుడు ఆమెది. నీళ్ళు తాగడానికని లేచి తలుపు అద్దంలోంచి చూశాను. స్క్రీన్ నిలిచిపోయి ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

మధ్యాహ్నం తపాలా బల్ల దగ్గరికి వచ్చింది. కొత్త రిబ్బను కావాలంది. ఇచ్చాను. నిలబడింది.

"సార్, ఆ దినం నేను మీ పక్కనే ఉన్నా. మీరు కొట్టతా ఉంటే లెక్కపెట్టినా. చూసేది నాకు అలవాటు గదా. పద్నాలుగు."

"విచారణలో చెప్పలేదే?"

"మిమ్మల్ని అడగండి అన్నా గద సార్."

మే 9, సోమవారం

బోరు బండి శనివారం జిల్లా దాటిపోయింది. పదకొండు ఊళ్ళలో పదింటికి బోర్లు వేశారు. అన్నీ కార్వేటినగరం పక్క ఊళ్ళు. బంగారుపాళ్యం పక్కకు బండి తిప్పుకుని వచ్చే వ్యవధి లేదన్నారు. అటువైపు ఉన్నది ఒక్క ఊరే.

కుప్పయ్యతో నేను మాట్లాడింది ఇరవై నాలుగో తేదీ. అంతకు మూడు రోజుల ముందే నాకు తెలుసు.

మధ్యాహ్నం చిన్నబ్బ మామ వచ్చాడు. నేరుగా తపాలా సెక్షన్‌కే వచ్చాడు. ఎవరు చెప్పారో. కొత్త అర్జీ పెట్టుకోవాలట, టైపు చేసి ఇమ్మన్నాడు. ఊళ్ళోవాళ్ళ సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితం మడత విప్పి బల్లమీద పెట్టాడు. కుప్పమ్మ వేలిముద్ర మూడోది.

మూడు కాగితాలు, మధ్యలో కార్బన్లు పెట్టి మిషన్‌కు ఎక్కించాను. మొదలుపెట్టాను. రెండు వరసలు అయ్యాక మామ అన్నాడు: "ఏమప్పా, ఇంత నిదానంగా కొడతాండావు? చిత్తూరంతటికీ నువ్వే వేగం అంటారే."

అప్పుడు తెలిసింది. ఒక్కో అక్షరం కొట్టి, పడిందా లేదా అని తలెత్తి చూస్తున్నాను.

"ఆ మిషనేదో మన ఊరిని పోగొట్టిందంట గదా" అన్నాడు మామ.

ఆఫీసులో అందరూ బయటివాళ్ళకు అదే చెప్తున్నారు. చెప్పమన్నది సుబ్రమణ్యం గారే. నేను అవునని ఊరుకుంటే చాలు.

"మిషన్ కాదు మామా. నేనే. కొట్టింది నేను. తెలిసినాక ఆరు దినాలు చెప్పకుండా ఉన్నింది కూడా నేనే. ఆ ఆరు దినాల్లోనే బండి మన గుట్ట దాటిపోయింది."

మామ నావైపు చూశాడు. తర్వాత నా చేతులవైపు చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అవతలి బల్లమీద ఎవరో స్టాంపు కొడుతున్న చప్పుడు. తిట్టి ఉంటే వినేవాణ్ణి. లేచి పోతాడనుకున్నాను. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, కాగితం మీదికి వంగాడు.

"ఊరిపేరు యాడుండాది దీంట్లో?"

చూపించాను.

"సరిగ్గా పడిందా?"

"పడింది."

"సరే, ఇంగ కొట్టు. నాలుగ్గంటల బస్సు పోతే మళ్ళా లేదు."